అత్తగారి కాళ్లకు వేపాకు మందు

మా అత్తగారి కాళ్లకు నేను చేసే మందులో దాపరికమేమీ లేదు. కొబ్బరినూనెలో వేపాకు వేసి, ఆకు గలగలలాడేదాకా సన్నసెగ మీద కాచాలి. వడకట్టి, తేనెమైనం ముక్కలు వేసి, అవి కరిగేదాకా కలిపి డబ్బాలో పోస్తే చల్లారి గడ్డకడుతుంది. ఎండాకాలంలో మైనం కాస్త ఎక్కువ వేయాలి, లేకపోతే నూనెలా కారుతుంది. అంతే. ఎవరైనా చేయొచ్చు. ఈ ముక్క ఎవరికీ నమ్మబుద్ధి కాకపోవడమే నా ఖర్మ.

మాది కృష్ణా జిల్లా. మా ఆయన వాళ్లు తరాలుగా ఉప్పల్ వాళ్లు, పొలాలు అమ్మేశాక నాచారంలో ఇల్లు కట్టుకున్నారు. మామగారు చనిపోయిన ఏడాదే అత్తగారి పిక్కల మీద చర్మం పొలుసులు లేచి పగలడం మొదలైంది. "అంటుకునే జబ్బు కాదు, పూర్తిగా పోయేదీ కాదు. చర్మం ఆరకుండా ఏదో ఒకటి రాస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు. ఆయనిచ్చిన క్రీము మంట పుడుతోందంటే, ఫోనులో చూసి నేను ఈ మందు కాచాను. దురద తగ్గింది. అక్కడితో ఇరుక్కున్నాను.

"నా కోడలిది మంచి చెయ్యి" అని ఆవిడ వాడంతా చాటారు. హస్తవాసి డాక్టరుకుంటే ఫీజు పెంచుకుంటాడు. నాకేమో గడప దాటే వీలు లేకుండా పోయింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నేనే రాయాలి. ఒకసారి పనమ్మాయి రాస్తే "పడలేదు" అన్నారు. పుట్టింటికి వెళ్లి బ్యాగు విప్పకముందే ఫోను: "బిడ్డా, మస్తు దురద లేస్తున్నది, ఎప్పుడొస్తవ్?" పెరుగన్నం కలుపుకున్నా నా వేళ్లకు వేపాకు చేదే. ఆ డబ్బా చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మొన్న వేసవిలో సైనిక్‌పురిలో ఒక బడివాళ్లు లెక్కల టీచరుగా రమ్మన్నారు. పెళ్లికి ముందు చేసిన పని. మళ్లీ బోర్డు ముందు నిలబడాలని ఎంత ఆశో నాకు. పదిరోజుల్లో ఏ సంగతీ చెప్పమన్నారు.

"మరి మధ్యాహ్నం అమ్మకెట్ల?" అన్నారు మా ఆయన.

నాకు తిక్క రేగింది. "అయితే ఈసారి మందు మీరు కాయండి. నా చేతిలో ఏ మహత్యమూ లేదని తేలిపోతుంది" అన్నాను.

ఆదివారం ఆవిడ గుడికెళ్లినప్పుడు ఆయన కాచారు. వారమంతా అదే రాశాను. "హాయిగున్నది బిడ్డా, నీ చేతిలనే ఏదో ఉన్నది" అన్నారావిడ. లోపల నాకు పండగే.

శనివారం మధ్యాహ్నం రాస్తూ రాస్తూ చెప్పేశాను. "అత్తయ్యా, ఇది చేసింది నేను కాదు, మీ అబ్బాయి. ఎవరు చేసినా, ఎవరు రాసినా ఒకటే. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. ఇకనుంచి మధ్యాహ్నాలు పనమ్మాయి రాస్తుంది."

"తెల్వదా నాకు? వాడు ఆకు మాడగొట్టిండు. వారం సంది మాడు వాసనే."

"మరి చెప్పలేదేం?"

"ఎవలు జేస్తే నాకేంది? రాసేది నువ్వే గదా." తలుపువైపు చూస్తూ అన్నారు. "మీ మామ పోయినంక నన్ను ముట్టుకునేటోళ్లు ఎవలున్నరు బిడ్డా? ఈ కాళ్లు సూసి నా కన్నకొడుకే మొఖం తిప్పుకుంటడు. పనిపిల్ల రెండు వేళ్ల కొసలతోని రాస్తది. నువ్వొక్కదానివే ఒళ్లె పెట్టుకుంటవు."

చీర కిందికి దించుకున్నారు. "బడికి పో. నేనేమన్న వద్దన్ననా? మంచిగ పో."

అంతవరకూ నాకు కోపమన్నా ఉండేది. ఆ కోపంతోనైనా ఏదో ఒకరోజు బయటపడతాననుకునేదాన్ని. ఇప్పుడు అదీ పోయింది. జాలేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే మంటపుట్టింది. చీర అంచు మళ్లీ పైకి జరిపి, రెండో కాలికి రాశాను.

సోమవారం బడికి ఫోన్ చేసి, నేను రాలేను, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను.

"ఇంట్లో ఒప్పుకోలేదా మేడం?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"ఒప్పుకున్నారండీ" అన్నాను.