గుండెకీ ఎముకకీ మధ్య

తడి పొరను గాజుపలక మీంచి ఊడదీస్తుంటే సన్నగా గంజి వాసన వేస్తుంది. గుండె ఆపరేషన్ అయ్యాక లోపలి గాయాలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా మధ్యలో పరిచే పొర అది. మా ప్రయోగశాలలో తయారుచేస్తాం. ఆ వాసనకి నాకు రత్నం పిన్ని గుర్తొస్తుంది.

గజపతినగరంలో మా పక్కింట్లో ఉండేది, బట్టల కొట్టు నడిపేది. కొత్తరకం గుడ్డ వస్తే ముందు దారం లాగి, నలిపి, నీళ్లలో ముంచి గంజి వాసన చూసేది. అమ్ముడుపోతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. వయసులో ఉన్నప్పుడే ఆమె గుండె కవాటానికి ఆపరేషన్ జరిగింది. నేను విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో మళ్లీ ఆయాసం మొదలైతే, విశాఖపట్నం ఆస్పత్రికి తోడు వెళ్లాను.

మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి, ఈసారి ప్రాణానికి ప్రమాదం ఎక్కువన్నారు డాక్టరు. నేను పిన్ని చెయ్యి పట్టుకున్నాను. పిన్ని మాత్రం ముందుకు వంగింది.

"ఓపాలి కోసిందే కదా బాబూ, రెండోపాలికి కష్టమేటి?"

"మొదటి గాయం మానేటప్పుడు గుండె రొమ్ము ఎముకకి అతుక్కుపోయిందమ్మా. ఎముక కోస్తుంటే గుండె చిరగొచ్చు."

"మద్దిన ఏదైనా గుడ్డ ఎయ్యకూడదేటి?"

డాక్టరు నవ్వలేదు. "వేసేవి ఉన్నాయి. కొన్ని అలాగే ఉండిపోయి, వాటి చుట్టూనే గట్టిగా కండ కడుతుంది. కొన్ని గాయం మానకముందే కరిగిపోతాయి."

"అయితే మానీదాకా ఉండి, ఆనక కరగాల." పిన్ని నావైపు తిరిగింది. "ఒసే, నీ కెమిస్ట్రీలో ఉన్నాదా ఇది?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఆపరేషన్‌లో ఆ అతుకులు విడదీయడానికే చాలాసేపు పట్టిందట, రక్తం బాగా పోయింది. ఆమె కళ్లు తెరిచేదాకా మా ప్రాణం కుదుటపడలేదు. మాట వచ్చాక మొదట అడిగింది, "ఏసినారేటి ఆ పొర?" అని. వేశారు. ఆ ఏడాదే నేను అలాంటి పొరలు తయారుచేసే పాలిమర్ల చదువు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఏళ్ల తర్వాత మా మొదటి పొరను కుందేళ్లలో పరీక్షిస్తే, అదీ అతుక్కుపోయింది. ఉద్యోగం మానేస్తానని పిన్నికి ఫోన్ చేశాను.

"ఎక్కడంటుకున్నాదే? మద్దినా, అంచులకాడా?"

"అంచుల్లో. కుట్లు పడినచోట."

"మద్దిన అంటుకోనేదా! ఎందుకంటావు?"

ఆ గొంతులో ఉత్సాహం విని నాకు ఏడుపు ఆగిపోయింది. మర్నాడు మళ్లీ చూశాను. మధ్యభాగం నున్నగా, శుభ్రంగా ఉంది. కుట్లు లేకుండా నిలిచే పొర కోసం అప్పటినుంచి పని చేస్తున్నాం. ఇంకా పూర్తికాలేదు.

పిన్ని ఇప్పుడు లేదు. ఏ పొర పరీక్షలో తప్పినా, అది ఎక్కడిదాకా నిలిచిందో చూశాకే ఇంటికి బయల్దేరుతాను. చూసి తీరాలన్న ఆ తహతహ ఆమె నాకిచ్చి వెళ్లింది.