గెట్టు పక్కోడు

‘నెయిబర్’ అనే మాట పుట్టుక చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ అరికాలు జిల్లుమంటది.

కరీంనగర్‌ల స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పి బతుకుత. ఆ మాట చానా పాతది, రెండు ముక్కలు అతికితే అయింది. మొదటిది ‘దగ్గర’. రెండోది ‘సేద్యం చేసుకుంట ఉండేటోడు’. అంటే గోడ అవతల టీవీ సౌండు పెంచేటోడు కాదు, చేను పక్క చేనోడు. మన గెట్టు పక్కోడు. ఆ రెండో ముక్కకు చుట్టమైన ‘బూర్’ అనే మాటకు ఇంగ్లీషుల మోటుమనిషని అర్థం. ఇంగ్లీషోళ్లకు కూడ గెట్టు పంచాయితీలు ఉండే ఉంటయి.

ధర్మపురి దిక్కు మా ఊర్ల, మా గెట్టు పక్కోన్ని నేను కాకా అంట. గెట్టు జానెడు జరిగిందని బాపుకూ ఆయనకూ మాటలు బందైనయి. ఎటు జరిగిందో ఇద్దరికీ బాగ తెలుసు, ఎవరికి తెలిసింది వారికి. కాని పక్కపక్క చేన్లు, మాట్లాడకుంటే పని నడవది. అందుకని ఇద్దరూ మా బర్రెతోని మాట్లాడేటోళ్లు.

“బర్రే, నీళ్లు మా దిక్కు మర్లుతున్నయని చెప్పు.”

“బర్రే, కండ్లుంటే చూసుకొమ్మను.”

బర్రె నెమరేసేది. ముగ్గురిల అదే మర్యాదస్తురాలు.

పోయిన వానకాలం నేను ఊర్లున్నప్పుడు ఒకనాడు తెల్లారంగ చేనుకు పోతున్నం. పలుపు పట్టుకొని బాపు ముందు, నడుమ బర్రె, ఫోను చూసుకుంట నేను వెనక. గెట్టు మీద గడ్డి మోకాళ్ల దాక, తడితడిగ. మక్క చేను అవతలి కొసకెళ్లి కాకా ఉరికొస్తుండు.

“బర్రే, ఆగు! ముందుకు పోకు!”

బాపు ఆగలే. “బర్రే, ఈ గెట్టు ఎవని జాగీరు కాదని చెప్పు.”

“బర్రే, తీగ! తీగున్నది!”

బాపు ఇంకింత జోరుగ నడిచిండు. అప్పుడు చూసిన. గడ్డిల, గెట్టుకు అడ్డంగ సన్నటి ఇనుప తీగ, దాని పొడుగునా వాన చుక్కలు. అడవి పందులు రాకుండ రాత్రిపూట తీగ కట్టి కరెంటు ఇస్తరని అందరికెరుకే. కేసైతదని కూడ ఎరుకే. తెల్లారంగనే బంద్ చెయ్యాలె. కాకా మర్చిపోయిండు.

అరుద్దామంటే నా నోట్లకెళ్లి మాట రాలే. పదిమందికి మాట్లాడుడు నేర్పేటోణ్ని.

కాకా ఇగ బర్రెను విడిచిపెట్టిండు.

“అన్నా! నీ కాళ్లు మొక్కుత, ఆగే! కరెంటున్నదే!”

బాపు లేపిన కాలు లేపినట్టే ఆగింది. కొంగ లెక్క ఒంటి కాలు మీద నిలబడ్డడు. బర్రెకు సంగతి తెల్వది, మూతి బాపు వీపుకు తాకేదాక వచ్చింది. నేను దాని తోక పట్టి గుంజిన. తోక పట్టి బర్రెను ఆపుడు అయ్యే పని కాదు. అదే ఆగింది, పేరు నాకొచ్చింది.

కాకా వెనుకకు ఉరికి స్టార్టర్ డబ్బ కాడ బంద్ చేసి, రొప్పుకుంట వచ్చిండు.

“బంద్ చేసిన్నే. దించు.”

బాపు దించలే. కాకా మొఖంల మొఖం పెట్టి చూసిండు.

“నువ్వు ముట్టు ముందు.”

కాకా వంగిండు. కండ్లు మూసుకొని ఉత్త చేతులతోని తీగను పట్టిండు. నేను కూడ కండ్లు మూసుకున్న. తెరిచేసరికి కాకా ఇంకా ఉన్నడు, బాపు కాలు నేల మీదున్నది.

తర్వాత బాపు తిట్టిండు. తాతల దాక పోయి మళ్ల వచ్చిండు. నేరుగనే తిట్టిండు. కాకా తీగ చుట్టుకుంట “అవునే అన్నా, నాదే తప్పు” అన్నడు.

“గెట్టు కూడ నువ్వే జరిపినవ్.”

“అది మాత్రం నువ్వే అన్నా.”

ఆ పంచాయితీ ఇంకా తెగలే. బర్రె కొలువు మాత్రం పోయింది.