అనుమానమక్కకు వినిపించిన హారన్

మా అత్యవసర కాల్ సెంటర్‌లో నా పక్క సీటావిడను అందరూ అనుమానమక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఇంటికి తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూసే మనిషి. భర్త పంచదార మానేశానంటే, ఆయన తాగిన గ్లాసు అడుగున వేలు పెట్టి రుచి చూస్తుందట. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లనూ అలాగే నిలదీస్తుంది. ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. మునిగిపోయేవాడిని ముందు పైకి లాగాలి గానీ, ఈత ఎందుకు రాదని అడుగుతారా?

ఆవిడ బాధ ఆవిడది. ఒకసారి ఎవడో ఆకతాయి మాట నమ్మి లేని మంటకు ఫైరింజన్ పంపించింది. నిజంగా ఇల్లు తగలబడుతున్నచోటికి అది ఆలస్యంగా చేరింది. అప్పటినుంచి ఆవిడకు ప్రతి తాడూ పామే.

వరదొచ్చిన రోజు ఫోన్లు మమ్మల్ని మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు. ఊళ్లో బాగా మునిగిన మిల్లు వెనక వీధులన్నిటికీ ఉన్నది ఒకే పడవ. పడవవాళ్లు ప్రతి గుమ్మం ముందూ ఆగి మూడు కేకలు వేస్తారు. ఎవరూ పలకకపోతే ఇల్లు ఖాళీ అనుకుని పక్కింటికి సాగిపోతారు. నా కంప్యూటర్ మొరాయించడంతో, అక్క కాల్స్ నేనూ వింటూ అడ్రసులు టైప్ చేస్తున్నాను.

"మిల్లు వెనక వీధి మేడం, ఇంట్లో ఛాతీ దాకా నీళ్లు. నేనూ నా భార్యా అటకెక్కాం. పడవ పంపండి. పిలిస్తే నేను పలుకుతాను," అన్నాడొకతను.

అతను చెప్పిన అడ్రసు నేను టైప్ చేసేశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అటక మీదున్నావా బాబూ? మరి ఆ లారీ హారన్లేంటి? ఛాతీ లోతు నీళ్లలో లారీలు తిరుగుతున్నాయా?"

హారన్ల మోత ఒక్కసారిగా తగ్గింది, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు.

"పంపించేద్దాం అక్కా," అన్నాను.

"ఉన్నది ఒక్క పడవ," అని నన్ను కసిరి, అతనితో గొంతు తగ్గించి అంది. "తిట్టనులే. ఎక్కడున్నావో నిజం చెప్పు."

అతను ఏడ్చేశాడు. లారీ డ్రైవరట. వేరే ఊళ్లో రోడ్డు మీద చిక్కుకుపోయాడు. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే. అటకెక్కానని వీడియో కాల్‌లో చూపించిందట, ఆ తర్వాత ఆమె ఫోన్ ఆగిపోయింది.

"దూరం నుంచి చేస్తే పట్టించుకోరని తోటి డ్రైవర్లు అన్నారు మేడం. అందుకే అక్కడే ఉన్నానన్నాను."

"వీడియో ఎందుకు చేసింది? మామూలుగా మాట్లాడొచ్చుగా?" అనుమానం ఇంకా చావలేదు.

"తనకి వినపడదు మేడం. మాటా రాదు."

అక్క వెంటనే పడవవాళ్లకు ఫోన్ కలిపింది. "కేకలు నమ్ముకోకండి. ఆవిడకి వినపడదు. తలుపు పగలగొట్టి అటక మీదికి టార్చి కొట్టండి."

కాసేపటికి వాళ్లు తిరిగి ఫోన్ చేశారు. దొరికిందన్నారు. నీళ్లు అటకను తాకుతున్నాయట.

"ఆవిడేనా? సరిగ్గా చూశారా?" అంది అక్క.

సాయంత్రం డ్రైవరు మళ్లీ ఫోన్ చేశాడు. "నన్ను నమ్మినందుకు మీ రుణం తీర్చుకోలేను మేడం."

"నమ్మలేదయ్యా," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

నేను నమ్మాను, మొదటి మాటకే. ఆ కాల్ నా సీటుకు వచ్చుంటే పడవ వెంటనే వెళ్లేది, మూడు కేకలు వేసి పక్కింటికి సాగిపోయేది.