ఆరో నంబరు పోస్టులో నాలుగో పెట్టె

పోస్టుకు చేరేసరికి 1120 గంటలు. ఎత్తు పధ్నాలుగు వేల అడుగులు. చలి మైనస్ పదహారు డిగ్రీలు. వీపు మీద ఇరవై రెండు కిలోలు, చేతిలో ఫోను. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. ఆయన నా మొహం చూడలే, ఫోను చూసినాడు.

"అది మోగిందా, నిన్నూ దాన్నీ కలిపి కిందికి తోసేస్తా," అన్నాడు హిందీలో.

తిరుపతిలో మావోళ్ళు అడగతా ఉంటారు, ఎంతమందిని కాల్చినావప్పా అని. ఒక్కర్ని కూడా లేదు. నేను కొట్లాడింది ఒక నంబరుతో. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

మాది ఆరో నంబరు పోస్టు. పన్నెండు మందిమి. కంచె వెంబడి ఎనిమిది సెన్సర్ పెట్టెలు. ఎవరైనా దాటితే పెట్టె వైర్‌లెస్‌లో చెప్పాల, బంకర్లో బీప్ రావాల. కొత్తగా కెమెరా బిగించినారు. అదీ వైర్‌లెస్సే. అది వచ్చినప్పట్నించి నాలుగో పెట్టె పలకడం మానేసింది. అది వాగులో ఉండాది, అన్నిటికంటే దూరం. అది పలక్కపోతే మనిషి పోయి ఆడ నిలబడాల. గంటన్నరకొకరు, వంతులేసుకుని.

మా మెషిన్ గన్నర్‌ది సత్యవేడు. అన్నా అని పిలుస్తా. ఎడమ కాలికి రెండు వేళ్ళు అప్పటికే చలికి నీలంగా తిరిగినాయి. "ఇంకో వారం ఆడ నిలబడితే వేళ్ళు తీసేయాల్సిందే," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. కిందికి పంపాలంటే హెలికాప్టర్ రావాల. పొగమంచులో రాదు.

"అన్నా, నీ వంతు నేను నిలబడతా."

"నీ వంతుకే నీకు ముక్కు కారతా ఉండాది తంబీ. గమ్మునుండు."

సిగ్నల్ హవల్దార్ నెపం నా మీద పెట్టినాడు. "నీ చెవిలో బ్లూటూత్ వల్లే. అదీ సెన్సరూ ఒకటే బ్యాండు." బ్యాండు ఒకటే, నిజమే. చెవిలోవి తీసిచ్చేసినా. ఫోను ఆపేసినా. రెండు దినాలు. నాలుగో పెట్టె పలకలే. నాకు ఒళ్ళు మండింది.

మూడో దినం ఫోన్లో యాప్ తెరిచినా. ఏ వైఫై ఏ చానల్లో ఉండాదో గీతల్లో చూపిస్తాది. హాస్టల్లో ఉన్నప్పుడు వేసుకున్నది. కెమెరా ఆరో చానల్లో ఉండాది, గీత నిట్టనిలువునా. రిజిస్టర్ తీసి చూస్తే సెన్సర్లూ ఆడే.

"అన్నీ ఆరేంది సాబ్?" హవల్దార్‌ని అడిగినా.

"పోస్టు నంబరు ఆరు కదా. గుర్తుంటాదని."

అదీ సంగతి. మగ్గుల మీద ఆరు, డబ్బాల మీద ఆరు, మంచాల మీద ఆరు. వైర్‌లెస్‌కీ ఆరే పెట్టేసినారు. కెమెరా ఒక్క క్షణం నోరు మూయదు. పెట్టెది చిన్న బ్యాటరీ, గుసగుస. వాగులోంచి వచ్చే గుసగుస ఎవరికి ఇనిపిస్తాది?

"కెమెరాను ఒకటికి, సెన్సర్లను పదకొండుకు మారుస్తాం సాబ్. ఒకదానికొకటి అడ్డం రావు."

"రాతలో ఆర్డర్ రావాల. నెల పడతాది."

"నెలకి అన్న వేళ్ళుంటాయా?"

"నోరు తగ్గించు."

తగ్గించలే. 1410కి హవల్దార్ అన్నానికి పోయినాడు. కెమెరా మార్చినా. బంకర్లో రిసీవర్ మార్చినా. తర్వాత పెట్టె పెట్టెకూ పోయి, గ్లౌజు తీసి, లోపలి స్విచ్చులు మార్చినా. అంతసేపూ కంచెకు చెవుల్లేవు. అది నా తప్పే, ఒప్పుకుంటా.

నాలుగో పెట్టె కాడ అన్నే సంత్రీ, కాపలా వంతు ఆయనదే.

"ఏం పీకతా ఉండావురా ఈడ?"

"నిన్ను పొయ్యి కాడికి పంపిస్తా ఉండా."

మూత బిగించి నేనే కంచె దాటినా. అన్న భుజాన వైర్‌లెస్ సెట్టులో హవల్దార్ గొంతు: "నాలుగు బీప్. ఎవరది?" మళ్ళీ దాటినా. "నాలుగు బీప్." పదిసార్లు దాటినా. పదిసార్లూ పలికింది.

సుబేదార్ సాబ్ లైన్లోకి వచ్చినాడు. "ఆర్డర్ లేకుండా ఎవడు ముట్టుకున్నాడు?"

"నేనే సాబ్."



"నాలుగు సంత్రీ, లోపలికి రా. ఇంక ఆడికి మనిషి అక్కర్లే. ఒరే కొత్తోడా, నువ్వూ రా. ఫోను తీసుకుని రా."

ఫోను సుబేదార్ సాబ్ ట్రంకులో పడింది. పోస్టులో నా డ్యూటీ అయ్యేదాకా, ఐదు నెల్లు. శిక్షగా దినానికి ఇరవై డబ్బాల మంచు తవ్వి మోసినా. నెలకి రాతలో ఆర్డర్ వచ్చింది: కెమెరా ఒకటి, సెన్సర్లు పదకొండు. నా పేరు లేదు. ఉండకపోనీ. మళ్ళీ పంపినా అదే చేస్తా.

తిరుపతి స్టేషన్లో దిగంగానే నాయన తగులుకున్నాడు. "ఐదు నెల్లు ఒక్క ఫోనన్నా చెయ్యలేదేమిరా?" అన్న ఇప్పుడు సత్యవేడులో పది వేళ్ళతో తిరగతా ఉండాడు.

నాలుగో పెట్టె పలికిన ఆ దినం వాగులోంచి వస్తా ఒకసారి వెనక్కి తిరిగి చూసినా. చేతిలో ఫోనుండి కూడా ఫోటో తీయలే. కంచె కాడ మనిషి లేడు. అన్న నిలబడిన చోట రెండు బూట్ల గుంతలు. వాటిల్లో మెల్లగా మంచు నిండతా ఉండాది.