గోళ్లరంగు చుక్క పెట్టిన స్క్రూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నెల్లూరులో నా దగ్గర కంప్యూటర్ పాఠాలు చదువుకున్న పిల్లలెవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. ఆ కోపంలో చేసిన పనుల్లో చాలావాటికి తర్వాత క్షమాపణ అడిగాను. ఒక్కదానికి మాత్రం ముప్పై ఎనిమిదేళ్లు అడగలేదు. అందులో తప్పు నాదని నాకు తెలియకపోవడమే కారణం.

పాతకాలం హోమ్ కంప్యూటర్లకు ఇప్పటికీ కొత్త ఆటలు రాసే పిచ్చివాళ్లు కొందరున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఫోనులో ఒక్క ఫొటోకి కూడా చాలని మెమరీలో మొత్తం ఆటను ఇరికించడంలో ఉన్న సరదా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. పోయిన నెల అందులో ఒకాయన ఇలా రాశాడు: ‘ఆట దాచిన పాత క్యాసెట్ లోడ్ కాలేదని పారేయకండి. దాన్ని రికార్డు చేసిన రోజున టేప్‌రికార్డర్ హెడ్, అంటే టేపుకి ఆని దాన్ని చదివే ముక్క, కాస్త వంకరగా ఉండి ఉంటుంది. మీ హెడ్‌ని కూడా అంతే వంకరగా తిప్పి చూడండి.’

నా బీరువాలో అలాంటి క్యాసెట్ ఒకటుంది.

మా నాన్న బిట్రగుంట యార్డులో పాయింట్స్‌మన్. గూడ్సు పెట్టెల్ని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించడం ఆయన పని. మేము రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. బజారులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే సాయిబు గారి కూతురు, నేను బడిలో ఒకే బెంచీ. వాళ్ల మామ కువైట్ నుంచి వస్తూ ఒక చిన్న కంప్యూటర్ తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలించాలి. చూడవచ్చిన వాళ్లంతా టైపుమిషన్ అనుకుని, కాగితం ఎక్కడ పెట్టాలని అడిగి వెళ్లిపోయేవాళ్లు. మిగిలింది మేమిద్దరమే.

దాంతో వచ్చిన పుస్తకం పట్టుకుని ఆటలు రాయడం నేర్చుకున్నాం. టీవీ ముందు ఒక్క కుర్చీయే పట్టేది. అందులో ఆమె కూర్చునేది. నేను పక్కన నిలబడి నోటుబుక్కులోంచి ప్రోగ్రాం లైను లైనూ పైకి చదివేదాన్ని. “ఊఁ, చదువు” అనేది. నా నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే ఆమె వేళ్లు కొట్టేసేవి. తప్పు చదివితే చెయ్యి ఆపి నా మొహం చూసేది. నేను తప్పు చదివానని నాకంటే ముందు ఆమెకే తెలిసేది.

మా ఆట పేరు ‘యార్డు’. గళ్ల లాంటి గూడ్సు పెట్టెలు వస్తుంటాయి, పట్టాలు కలిసేచోట పాయింట్లు మార్చి వాటిని సరైన లైనుకి పంపాలి. పుస్తకంలో ఆటలన్నిటికీ మూడేసి ప్రాణాలుంటాయి కాబట్టి మేమూ మూడు పెట్టాం. ఒక ఆదివారం మా నాన్నని పిలిచి చూపించాం. ఆయన మీసం కింద నవ్వుకుంటూ చూశాడు గానీ, పెట్టెలు గుద్దుకుని ఆట మళ్లీ మొదలవగానే నవ్వు పోయింది.

“గుద్దుకున్నాక మళ్లా ఎట్టా మొదలైతాది?” అన్నాడు.

“ఆట కదా నాయనా, మూడు ప్రాణాలు.”

“పాయింటు తప్పేసినోడికి మూడు ఎవరిస్తారు? ఒకటే పెట్టండి.”

ఒకటే పెట్టాం. దాంతో ఆ ఆట ప్రపంచంలోకెల్లా కష్టమైన ఆట అయి కూర్చుంది. మేమిద్దరం తప్ప ఎవరూ అర నిమిషం దాటేవాళ్లు కాదు.

ఆటని దాచుకోవడానికి వాళ్లింటి టేప్‌రికార్డరే దిక్కు. ప్రోగ్రాం క్యాసెట్‌లోకి ఎక్కుతున్నప్పుడు చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచేది. వాళ్ల నాన్న పాపం చాలా మెత్తని మనిషి, చెవులు మూసుకునేవాడే గానీ పొమ్మనేవాడు కాదు. అయితే జబ్బు చేసిన సామాను కళ్లముందు ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు. ఒకరోజు ఆ టేప్‌రికార్డర్‌లో పాట వింటూ, గొంతు మొద్దుగా వస్తోందని గమనించాడు. మూత తీసి, హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూని తిప్పి, పాట గలగలలాడేలా చేశాడు. ఆ స్క్రూ మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాడు. ఆయన బాగుచేసిన ప్రతి సామానుకీ ఆ చుక్క ఉండేది. ఇది సరిగ్గా ఉంది, ఇక ఎవరూ తిప్పొద్దని దానర్థం. మేము చూస్తూనే ఉన్నాం. పాట ఎంత బాగా వస్తోందో అని సంబరపడ్డాం కూడా.

మర్నాడు మా ఆట లోడ్ కాలేదు. పదిసార్లు పెట్టాం. కీచుమనాల్సిన క్యాసెట్ దుప్పటి కప్పుకున్నట్టు గొణిగింది. ఆమెకు రేడియోలో నచ్చిన పాట వస్తే చేతికందిన క్యాసెట్ మీద రికార్డు చేసే అలవాటుంది. చెరిగిపోకుండా క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరవమని నేను ముందే చెప్పాను. ఆమె విరవలేదు. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“ఏదో పాట ఎక్కించి మళ్లా చెరిపేసినావు,” అన్నాను.

“లేదు మే. ఒట్టు. దాన్ని నేను ముట్టుకోలేదు.”

“అబద్ధాలు చెప్పబాక.”

నాలుగు నెలల పని ఉన్న నోటుబుక్కుని ఆమె ముందే నిలువునా చించేశాను. ఆమె ఏడవలేదు. వంగి టీవీ వైర్లు ఒక్కొక్కటే పీకి చుట్టింది. క్యాసెట్ మాత్రం నేను తెచ్చేసుకున్నాను, ఆమె తప్పుకి గుర్తుగా. ఆ ఏడాదంతా బడిలో వేరే బెంచీలో కూర్చున్నాను. తర్వాత నాన్నకి గూడూరు బదిలీ అయింది.

ఆ మెసేజ్ చదివిన వారమే, నా దగ్గరున్న పాత కంప్యూటర్ని సంచిలో పెట్టుకుని బిట్రగుంట బండి ఎక్కాను. దారి పొడుగునా నాకు సిగ్గుగా ఉంది. ఆమె చెరపలేదని తేలితే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి అనుకున్నాను. ఒకవేళ క్యాసెట్ నిజంగానే ఖాళీ అయితే అని కూడా అనుకున్నాను. ఈ వయసులో కూడా ఆమె మీద అనుమానం పూర్తిగా పోనందుకు ఇంకా సిగ్గేసింది.

షాపు అక్కడే ఉంది, ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. కౌంటరు వెనక ఆమే. తల మీద ముసుగు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. నేను క్యాసెట్ ఆమె ముందు పెట్టాను. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసింది.

“ఇంకా పెట్టుకోనుండావా దీన్ని?”

“నువ్వు చెరపలేదేమో మే.”

“ఏమో ఏంది? చెరపలేదు.”

హెడ్ వంకరగా ఉన్నప్పుడు ఎక్కించిన ఆట, స్క్రూ తిప్పి దాన్ని సరిచేశాక పలకదని, ఆ సంగతంతా చెప్పాను. వింటూ వింటూ లేచి లోపలికి వెళ్లింది. వాళ్ల నాన్న చనిపోయి ఆరేళ్లయిందట. ఆయన వాడిన సామాను ఒక్కటీ పారేయలేదు. టేప్‌రికార్డర్ దుమ్ము తుడిచి కౌంటరు మీద పెట్టి మూత తీసింది. చుక్క రంగు వెలిసింది గానీ అలాగే ఉంది.

“చుక్క పెట్టినాక మా నాయన ఏ సామానూ మళ్లా తిప్పలేదు,” అంది. “ఆయన బాగుచేసిందాన్ని నన్ను చెడగొట్టమంటావా?”

అది నేను ఆలోచించనే లేదు. “వద్దులే,” అన్నాను. “నీ మాట చాలు నాకు.” ఆ క్షణంలో నిజంగానే చాలు.

“నీకు చాలేమో. నాకు చాలదు.”

సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో చుక్కని గీకింది. ఎర్రటి పొడి కౌంటరు అద్దం మీద పడితే, దాన్ని ఊదకుండా వేలితో అద్ది పక్కన పెట్టింది. క్యాసెట్ తిరుగుతుంటే చెవి దగ్గర పెట్టుకుని స్క్రూని వెంట్రుకవాసి తిప్పింది. గొణుగుడు. ఇంకొంచెం. గొణుగుడే. రెండోవైపు తిప్పింది. ఉన్నట్టుండి షాపంతా కీచుమంది. బయట నిలబడ్డాయన ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు. అంత హాయైన శబ్దాన్ని నేను ఈ మధ్యకాలంలో వినలేదు.

నా సంచిలోని కంప్యూటర్ని తీసి దానికి, షాపులో టీవీకి తగిలిస్తే, మూడుసార్లు మొరాయించి నాలుగోసారి లోడ్ అయింది. తెర మీద పట్టాలు, గళ్లు, మా స్పెల్లింగు తప్పులతో సహా ‘యార్డు’ వచ్చేసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆడబోయి రెండో పెట్టెకే గుద్దేశాను. ఆట అయిపోయింది.

“ఒక్క ప్రాణమే కదా,” అందామె, “మీ నాయన పుణ్యమా అని.”

“తప్పు నాది మే,” అన్నాను. “నిన్ను నమ్మకుండా పోయినాను. నోటుబుక్కు చించినాను. నన్ను క్షమించు.”

ఆమె ఆట మళ్లీ మొదలుపెట్టి మూడో లైను పాయింటు నొక్కింది. అది కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, మూడో లైను మేము రాయనే లేదు. ఆ వారం రాద్దామనుకున్నాం. కౌంటరు మీద ఖాళీ ఫోను డబ్బా ఒకటుంటే, దాని అట్ట చింపి వెనక పెన్నుతో దానికి కావాల్సిన ప్రోగ్రాం నాలుగు లైన్లు రాశాను. రెండుచోట్ల కొట్టేసి మళ్లీ రాశాను. తలెత్తేసరికి ఆమె కీబోర్డుని తన వైపు లాక్కుని, కుర్చీ సర్దుకుని కూర్చుంది. నాకు కుర్చీ చూపించలేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

కళ్లజోడు పైకి తోసుకుని, తెర మీంచి చూపు తిప్పకుండా అంది: “ఊఁ, చదువు.”