పొయ్యిల వేసిన సినిమా

ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే. మిరప ఘాటు గొంతుల పట్టినట్టు పట్టి ఉన్నది. మింగుదామంటే దిగదు, దగ్గుదామంటే రాదు. నువ్వు నన్ను ఎరగవు గనుక నీకు చెప్తున్న. చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరుంటే ఏమనుకోకు.

మా మనుమరాలు కాలేజీల చూపియ్యాలని ఫోన్ల సినిమా తీసింది. జాంబీల సినిమా. అంటే ఏందే అని అడిగితే, "చచ్చి లేచి నడిచేటోళ్ళు నానమ్మా, ఆకలి తప్ప వాళ్ళకేం తెల్వదు" అన్నది. మా చేన్ల మిరపకాయ ఏరనీకి అడివి పల్లె నుంచి ఆటోల వచ్చే ఆడోళ్ళనే జాంబీలను చేసింది. చీర మీద మొగోళ్ళ అంగీలు, ముక్కుకు గుడ్డ, ఘాటుకు ఎర్రబడ్డ కండ్లు. రంగులు పుయ్యాల్సిన పనే లేకపోయింది.

సినిమా అంటే పైసలు దండగ అనేదాన్ని నేను. పాట లేదు, ఫైటింగు లేదు, ఇదేం సినిమా? ఆ సాయంత్రం మనుమరాలు చేను నుంచి రాంగనే తానానికి పోయింది. నేను ఫోను తెరిచిన.

సాళ్ళ నడుమ నుంచి వాళ్ళు లేచి వస్తున్నరు. పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు ఎట్ల నడుస్తరో గట్లనే. దినాం నా ముందర నడిచే నడకే, నేనెన్నడూ చూడని నడక. అందరికన్న ముందు మా కూలి సమ్మక్క. నడిచి నడిచి ఆగింది. వంగి, రాలిన ఒక్క మిరపకాయను ఏరి ఒడిల వేసుకొని మళ్ళ నడిచింది. గట్ల చెయ్యమని మనుమరాలు చెప్పలే. వెనక గట్టు మీద నేను, ఆ కాయ దిక్కే వేలు చూపిస్తూ.

చచ్చి లేచిన మనిషికి కూడా నా భయమేనా? నలభై ఏండ్లు నా కండ్లకు ఆననిది అరచేతంత అద్దంల ఎట్ల పట్టింది? సినిమా అంటే ఇదేనా? దండం పెట్టబుద్ధయింది.

కానీ సినిమా బయటికి పోతే ఆ వేలును ఖమ్మంల ఉద్యోగాలు చేసే మా చుట్టాలంత చూస్తరు. ఫోను వెనక మూత ఊడదీసి, సినిమా ఉన్న గోరంత కార్డును పొయ్యిల వేసిన. ఫోను పాడు చెయ్యబుద్ధి కాలే, ఖరీదైనది.

చేను నుంచి ఇంటి దాక ఆ ఫోను పట్టుకొచ్చింది సమ్మక్క. మూత తీసి చూడబోయి కార్డు పడేసి ఉంటదని మా కొడుకు తేల్చిండు, ఇంక పనికి రావద్దన్నడు. సమ్మక్క లేకుండ మళ్ళ తియ్యనన్నది మనుమరాలు. తెల్లారి సమ్మక్క నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, నేను ఆ మూత ముట్టలే."

"ఏమో. నాకేం ఎరుక."

అయినా పోలే. కొంగు నోటికడ్డం పెట్టుకొని అడిగింది, "మరి నువ్వు సినిమా చూసినవా అమ్మా? నేనెట్ల అవుపడ్డ?"

"నేను చూడలే."

పోయిన పనికి బదులు ఆమె ఇంకో చేను చూసుకున్నది. ఆమె అడిగిన ఆ మాటకు బదులు ఇంకేడ దొరుకుతది? తీసిన పిల్ల కూడా పూర్తిగ చూసుకోలే. చూసిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే. ఆమె మొఖం మీద చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

చూసిన సమ్మక్కా. తనివి తీరక మళ్ళ మళ్ళ చూసిన.