కాలు జారని పడవ

మా తమ్ముడు మొన్న సోమవారం పొద్దున పోయాడు. ఆర్మూర్ దవాఖానకు చేరేలోపే గుండె ఆగిపోయింది. ఇంటికి పెద్దదాన్ని, ముందు పోవలసింది నేను. దేవుడి తలంపు వేరు.

వాడు గల్ఫ్‌లో పడవలకు రంగులు వేసేవాడు. తిరిగొచ్చాక ఇక్కడ దుకాణాల షట్టర్లకు, ట్రాక్టర్ ట్రాలీలకు వేశాడు. కిరసనాయిలుతో బ్రష్షు కడగనిదే అన్నం ముట్టేవాడు కాదు. "ముందుగాల దానికి గ్యాసునూనె, ఎన్కనే నాకు బువ్వ" అనేవాడు.

మేము గోదావరిని గంగ అంటాము. అవతలి ఒడ్డు గుడిలో అమ్మకు ఒక మొక్కు మిగిలి ఉండేది. కిందటేడు పడవ ఎక్కుతూ తడి రేకు మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతికింది కానీ భయం పోలేదు. "మొక్కు తీర్వకుండనే పోతనేమో" అని రోజూ దీపం ముందు అనేది. ఆ మాట విని వాడు ఊరుకోలేకపోయాడు.

పడవ నడిపే ఆయన్ని ఒప్పించి, పడవను ఒడ్డుకు లాగించాడు. తుప్పు గీకి, రంగు వేసి, అది తడిగా ఉండగానే, కాలు జారకుండా పైన ఇసుక చల్లాడు. ఆరాక అంటని ఇసుకను ఊడ్చి మరో పూత వేశాడు. గల్ఫ్‌లో నేర్చింది అదే.

అమ్మను తీసుకెళ్లాం. ఒక పాదం మోపి వెంటనే తీసేసింది.

"గిది పడవనా బిడ్డా, పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్మా? నా కాళ్ల తోలు ఊడుతది!"

పడవాయన నవ్వాడు. "గాడ గల్ఫ్‌ల బూట్లేసుకొని ఎక్కుతరు గావచ్చన్నా. గంగమ్మ మీదికి చెప్పులతోని ఎవలొస్తరు?"

తమ్ముడి ముఖం చిన్నబోయింది. వంగి, అరచేత్తో రేకును తడిమి చూశాడు.

"నిజమే అమ్మా. బూట్లకని నేర్చిన పని గిది. జర ఆగు."

గరుకునంతా అరగదీశాడు. ఈసారి ఇసుకను కడిగి, ఎండబెట్టి, మా వంటింటి పిండి జల్లెడతో జల్లించాడు. నేను వద్దనలేదు. పలచగా చల్లి, పూత వేసి, బాగా ఆరాక బకెట్‌తో నీళ్లు గుమ్మరించాడు. చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచాడు. నన్నూ నడవమన్నాడు. కాలు జారలేదు, గుచ్చుకోనూ లేదు.

"ముగ్గుపిండి తొక్కినట్టుందిరా" అన్నాను.

అమ్మ నా భుజం పట్టుకుని ఎక్కింది. చాలాసేపు కళ్లు తెరవలేదు. గంగ నడుమకు వచ్చాక అందరూ నీళ్లలో పసుపు కుంకుమ వదిలారు. అమ్మ దండం పెడుతోంది, రెండు చేతులూ జోడించి. నా భుజం మీద చెయ్యి లేదని అప్పుడు తెలిసింది. పడవ అటూ ఇటూ ఊగుతోంది.

అందరి కళ్లూ గంగ మీద ఉన్నాయి. తమ్ముడొక్కడే ఓ మూల గొంతుకూర్చుని, అమ్మ పాదాలను చూస్తున్నాడు.